మందు వేయని సీసా

41వ ఏడు, 112వ రోజు

పొదిగే పెట్టెలో వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు. నాలుగు గాబుల్లోనూ నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. తల్లి సీసా ఎర్రగా ఉంది. గాబుకు రెండు కొలతల చొప్పున మందు వేశాను.

ఆ చివరి మాట రాయడానికి చెయ్యి రాలేదు. నిన్నటిదాకా నాలుగు కొలతలు వేసేదాన్ని.

నిన్న ఒడ్డు నుంచి పడవ వచ్చింది. ఆరు పెట్టెల మందు రావలసి ఉండగా ఒకటే దించారు. ఒడ్డున మందు తయారుచేసే చోటు మూతపడిందనీ, ఇదే ఆఖరి పెట్టె అనీ సరంగు చెప్పాడు. ప్రెసిడెంటు పున్నారావు గారు ఆ పెట్టెను స్వయంగా మోసుకొచ్చి, ఇకనుంచి సగమే వాడమన్నారు. సగం వాడితే ఏమవుతుందని ఆయనే అడిగారు. తెలియదన్నాను. ఈ తోడు గదిలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. మందు పెంచడం చూశాను కాని తగ్గించడం ఎప్పుడూ చూడలేదు.

ఈ పుస్తకం నా తరువాత ఎవరి చేతికి వస్తుందో తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నా పేరు ఎస్తేరు. సముద్రంలో ఇనుపకాళ్ళ మీద నిలబడిన పాత గ్యాసు రిగ్గు మా ఊరు. మంచె అంటాం. మూడువందల పన్నెండు మందిమి ఉన్నాం. నేను పుట్టకముందు ఒక పండుగప్ప చేప కండలోంచి గోరంత ముక్క తీసి, దాని కణాలను సీసాలో బతికించారు. పాలు తోడుపెట్టడానికి నిన్నటి పెరుగు మిగుల్చుకున్నట్టు, ఆ కణాలను ఒక తల్లి సీసాలో కొంచెం కొంచెం మిగుల్చుకుంటూ సీసాలోంచి సీసాలోకి, అక్కడినుంచి గాబుల్లోకి మారుస్తూ వచ్చాం. అందుకే దాన్ని తోడు అంటాం. ఈ పుస్తకాల్లో ఏళ్ళు తోడు మొదలైన నాటి నుంచి లెక్క. సముద్రంలో ఇప్పుడు తినదగ్గ చేప లేదు. గాబుల్లో పెరిగే ఈ కండే మా కూర.

ఎర్రనీళ్ళు కణాలకు మేత. బాక్టీరియా, మేము పురుగు అనేది, చేరితే అదే మేత తిని మన కణాలకంటే వందరెట్లు వేగంగా పెరుగుతుంది. అప్పుడు నీళ్ళు పులిసి పసుపురంగుకు తిరుగుతాయి. అది చేరకుండా ముందుజాగ్రత్తగా వేసేదే మందు. ఒకప్పుడు ఆస్పత్రుల్లో మనుషులకిచ్చిన రెండు మందుల కలయిక.

ఈ పని నాకు నేర్పింది నాంచారమ్మ పెద్దమ్మ. ఇప్పుడు ఆమె చేతులు వణుకుతాయి. పని చేయదు కాని రోజూ వచ్చి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంటుంది, నా పనిలో ఏదో ఒక వంక పెడుతుంది. ఇవాళ మందు సగానికి తగ్గించానని చెబితే వంక పెట్టలేదు. లేచి వెళ్ళిపోయింది.

114వ రోజు

రెండో గాబు పసుపురంగుకు తిరిగింది.

తలుపు తీయగానే వాసన తెలిసింది. పులిసిన పిండిలో తడిగుడ్డ నానబెట్టినట్టున్న వాసన. ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మన కణాలు చితికిన బియ్యపు గింజల్లా పడి ఉన్నాయి. వాటి మధ్య సన్నని పుల్లలు లెక్కలేనన్ని, అటూ ఇటూ దొర్లుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ చూశానే కాని, ప్రాణంతో ఉన్నవాటిని చూడడం ఇదే మొదలు.

పున్నారావు గారికి కబురు పెట్టి, మిగిలిన మూడు గాబులకూ మళ్ళీ నాలుగు కొలతలు వేశాను. ఆ లెక్కన పెట్టె ఇరవై రోజులు కూడా రాదు. రెండో గాబులోది ఆవిరితో ఉడికించి సముద్రంలోకి వదిలేశాం. గాబులు తోమే పని నా భర్త శామ్యేలుది. అడుగు గీకుతుంటే ఆవిరి తగలని మూత అంచు కోసుకుని అతని కుడి ముంజేతి మీద జానెడు గీత పడింది. ఉప్పునీళ్ళతో కడిగి గుడ్డ కట్టాను. పెద్ద దెబ్బేమీ కాదని నవ్వాడు.

116వ రోజు

మందు అయిపోయాక ఎలాగూ మందు లేకుండానే పెంచాలి కదా, ఇప్పుడే చిన్న సీసాల్లో చేసి చూద్దామనుకున్నాను. మూడు గాబుల నుంచీ, తల్లి సీసా నుంచీ కొంచెం కొంచెం తీసి, నాలుగు సీసాల్లో మందు వేయని ఎర్రనీళ్ళు పోశాను.

నాంచారమ్మ పెద్దమ్మ వచ్చి చూసింది. ఏం చేస్తున్నావని అడిగింది. చెప్పాను.

"చెయ్యబాక," అంది. "ఆ సీసాలు పారబొయ్యి."

ఎందుకని అడిగాను. స్టూలు మీద కూర్చుని తన వణికే చేతుల కేసి చూసుకుంటూ ఉండిపోయింది. నేను పారబోయలేదు.

శామ్యేలు చెయ్యి వాచింది. డాక్టరమ్మ రహీమున్నీసా గారు ఇదే మందు సూదితో ఇచ్చారు. గాబుల మందులోంచే తీసుకెళ్ళారు.

117వ రోజు

నాలుగు సీసాలూ పసుపురంగులోకి తిరిగాయి. తల్లి సీసాలోంచి తీసింది కూడా.

పట్టుమని ఇరవై గంటలు కాలేదు. నాలుగింటిలోనూ అవే పుల్లలు. నాలుగింటిలోకీ ఒకేసారి నా చేతి నుంచే చేరాయేమోనని కాసేపు ఆశపడ్డాను. తప్పు నాదే అయితే బాగుండునని కోరుకున్నాను. కాని జతగా పెట్టిన ఐదో సీసాలో కణాలు లేవు, ఒట్టి ఎర్రనీళ్ళే. అది తేటగా, ఎర్రగా, కదలకుండా ఉంది. నా చేతి తప్పు కాదు. పురుగు తోడులోనే ఉంది. ఎప్పటినుంచో ఉంది.

గాబుల ముందు నిలబడ్డాను. ఎర్రటి తేట నీళ్ళు. రోజూ పొద్దున ఈ రంగు చూసి నిమ్మళంగా ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇవాళ అదే రంగు చూసి వెనక్కి జరిగాను.

119వ రోజు

శామ్యేలుకు జ్వరం దిగలేదు. మోచేతి దాకా ఎర్రగా కాగిపోతోంది. నిన్న సూది రెట్టింపు ఇచ్చారు. ఫలితం లేదు.

పొద్దున డాక్టరమ్మ గారు గాయంలోంచి కాస్త చీము తీసి ఒక పళ్ళెంలో పరిచి, మధ్యలో మందులో ముంచిన కాగితపు బిళ్ళ పెట్టారు. అటువంటిదే ఇంకో పళ్ళెంలో నా పసుపు సీసా నీళ్ళు పరిచాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని ఖాళీ జాగా మిగలాలి. సాయంత్రానికి చూస్తే రెండు పళ్ళేల్లోనూ బిళ్ళను ఆనుకుని మొలిచింది. బిళ్ళ మీదకి కూడా పాకింది. ఆమె రెండు పళ్ళేలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. గాబులో నాలుగు కొలతలకు అణిగి ఉంటుంది కాని, అంత మందు మనిషి ఒంట్లోకి ఎక్కించలేమనీ, తన దగ్గర ఇంకో మందేదీ లేదనీ అన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. ఏళ్ళ తరబడి రోజూ అదే మందు తాగించి ఈ పురుగును పెంచింది మేమే. నా చేతులతో నేనే పద్నాలుగేళ్ళు పెంచాను. ఇప్పుడది నా భర్త చేతిలో ఉంది.

రాత్రి అటక మీది పాత దినచర్య పుస్తకాలు దింపాను. ముప్పై ఐదో ఏడు నుంచి నాలుగు కొలతలు. ఇరవై ఏడో ఏడు నుంచి రెండు. దానికి ముందు ఒకటి. పంతొమ్మిదో ఏడు, 203వ రోజు: 'ముందుజాగ్రత్తగా మందు ఒక కొలత.' నాంచారమ్మ పెద్దమ్మ దస్తూరీ. అంతకుముందు పద్దెనిమిదేళ్ళ పుస్తకాల్లో మందు అనే మాటే లేదు.

120వ రోజు

పొద్దున్నే ఆమె గదికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉంది. నా చేతిలో పాత పుస్తకం చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఎప్పటినుంచి తెలుసు పెద్దమ్మా?"

"నువ్వీ గదిలోకి రాకముందు నించే," అంది.

తలెత్తకుండా చెప్పుకొచ్చింది. తనకు నేర్పినామె పోయి అప్పటికి రెండు నెలలు. ఒకరోజు తల్లి సీసా మూత తిప్పుతుంటే బొటనవేలు సీసా మూతికి తగిలింది. ఎవరూ చూడలేదు. మర్నాడు నీళ్ళల్లో సన్నని మసక. తోడు పాడుచేసిందంటే గదిలోంచి తీసేస్తారని, మంచెంతా తన్ను వేలెత్తి చూపుతుందని భయపడింది. డాక్టరు అలమరలో మందు ఉంది. ఒక కొలత వేసింది. తెల్లవారేసరికి మసక పోయింది.

"నాలుగు రోజులేసి ఆపేద్దామనుకున్నా. ఆపితే మళ్ళీ మసక. మళ్ళీ ఏశా. ఆపే రోజే రాలా. మందు పురుగుని చంపలా ఎస్తేరూ. దాచిపెట్టింది, అంతే."

నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. శామ్యేలు చెయ్యి తీసేయాలంటున్నారని చెప్పాను. ఆమె రెండు చేతులూ ఒళ్ళో ఒకదాని కింద ఒకటి దాచుకుంది. తరువాత, కణాలను గడ్డకట్టించి దాచే చల్లని నైట్రోజన్ డబ్బా అడుగున మూడు చిన్న గొట్టాలున్నాయని చెప్పింది. తోడు మొదలైన పదకొండో ఏట తనకు నేర్పినామె గడ్డకట్టించి పెట్టిన తోడు. మందు ఎరగని తోడు. నేనా డబ్బా నెలనెలా నింపుతున్నాను కాని, అడుగున ఏముందో ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి శామ్యేలుకు మత్తిచ్చి మోచేతి పై నుంచి కుడిచెయ్యి తీసేశారు. నేను కాళ్ళు పట్టుకున్నాను.

121వ రోజు

పై అంతస్తులో అందరూ చేరారు. పళ్ళేలు చూపించి డాక్టరమ్మ గారు మాట్లాడారు. నాంచారమ్మ పెద్దమ్మ లేచి, నిన్న నాకు చెప్పింది అందరికీ చెప్పింది. ఎవరూ అరవలేదు. ఆమె పక్కన కూర్చున్నవాళ్ళు మాత్రం నెమ్మదిగా లేచి వేరేచోటికి వెళ్ళారు.

పున్నారావు గారు, పనిచేస్తున్న మూడు గాబులనూ చేతులారా పారబోయాలా అని అడిగారు. పారబోయకపోతే మందు ఉన్నన్నాళ్ళే అవి ఉంటాయనీ, ఈలోగా వాటిని ముట్టిన ప్రతివాళ్ళకూ శామ్యేలు గతి పట్టొచ్చనీ డాక్టరమ్మ గారు అన్నారు. కొత్త తోడు గాబులోకి ఎక్కి కోతకు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందని నన్నడిగారు. గొట్టాల్లో ప్రాణం ఉంటే నలభై ఐదు రోజులన్నాను. బియ్యం, ఎండు నాచు సగం తిండి మీద యాభై రోజులు వస్తాయట. ఉన్న కండంతా ఉడికించి ఉప్పేసి ఎండబెడితే ఇంకో వారం.

"ప్రాణం లేకపోతే?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

సాయంత్రం మూడు గాబులూ ఉడికించేశాం. మిగిలిన మందు పెట్టె డాక్టరమ్మ గారి అలమరలోకి వెళ్ళింది. ఈ పురుగు మీద పనిచేయకపోయినా ఇంకోదాని మీద చేయొచ్చు, మనుషుల కోసం ఉండాలన్నారు.

124వ రోజు

గదిని మూడురోజులు కడిగాం. మొదటి గొట్టాన్ని గోరువెచ్చని నీళ్ళలో కరిగించి సీసాలోకి వంపాను. మైక్రోస్కోపులో గంటకోసారి చూశాను. కణాలు సీసా అడుగును పట్టుకుని సాగితే బతికినట్టు. ఒక్కటీ పట్టుకోలేదు. నుసిలా తేలుతూనే ఉన్నాయి.

ముప్పై ఏళ్ళు. డబ్బా ఎప్పుడో ఒకసారి చల్లదనం తప్పి ఉంటుంది. మిగతా రెండూ కూడా అంతేనేమో.

126వ రోజు

రెండో గొట్టం బతికింది. నిన్న సాయంత్రం కణాలు అడుగును పట్టుకుని కొసలు సాగించడం నా కళ్ళతో చూశాను. శామ్యేలు మంచం దగ్గరికి పరుగెత్తి చెప్పాను. ఇవాళ పొద్దున నీళ్ళు పసుపు. పుల్లలు కావు, ఈసారి గుండ్రటి గుత్తులు. మనిషి చర్మం మీద ఉండేవి. ఇది నా చేతి పనే.

స్టూలు మీద నుంచి నాంచారమ్మ పెద్దమ్మ లేచి వచ్చింది. ఆ గదిలో ఆమె ఉండడం నాకు కష్టంగా ఉంది. పొమ్మనడం ఇంకా కష్టం. ఒట్టి నీళ్ళతో అదే పని మళ్ళీ చేసి చూపించమంది. చేశాను. మూత బల్ల మీద పెట్టానంది. తెరిచిన సీసా మీదుగా చెయ్యి దాటించానంది. సీసా తెరిచి ఉండగా మాట్లాడానంది. మూడూ నాకు తెలియకుండానే చేశాను. పద్నాలుగేళ్ళుగా అలాగే చేస్తున్నాను, ఏనాడూ ఏమీ కాలేదు. ఏ తప్పు చేసినా మందు మన్నించేది.

"నీకు నేర్పింది నేనేగా," అంది. "నా చేతి వంకరే నీకూ వచ్చింది."

మూడోది ఇప్పుడే కరిగించవద్దంది. మొదట మేత పోసిన ఒట్టి సీసాలతో చెయ్యి అలవాటు చేయాలి. రోజుకు పది సీసాలు. మందు లేకుండా పదికి పదీ తేటగా నిలిచిన తరువాతే గొట్టం ముట్టుకోవాలి.

133వ రోజు

మొదటిరోజు పదింటిలో ఆరు పోయాయి. రెండోరోజు నాలుగు. ఆ తరువాత మూడు, మళ్ళీ ఐదు, రెండు. ఆ ఐదు పోయినరోజు బల్ల కింద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాను. పైన జనం సగం గిన్నెలతో భోజనం ముగించి గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

పెద్దమ్మ నా మణికట్టు తాకకుండా, పుల్లతో చూపిస్తూ దిద్దింది. సీసా నిటారుగా కాదు, వాల్చి పట్టుకోవాలి. మూత చిటికెనవేలి మడతలో పట్టుకోవాలి. మూతిని స్పిరిట్ దీపం మీద తిప్పాలి. ఊపిరి పక్కకు వదలాలి. మాట అసలు ఆడకూడదు.

ఇవాళ పదికి పదీ ఎర్రగా నిలిచాయి. మైక్రోస్కోపులో ఏమీ కదల్లేదు. మూడుసార్లు చూశాను. అయినా నమ్మకం కుదరలేదు.

134వ రోజు

మూడో గొట్టం కరిగించాను. మధ్యాహ్నానికి కొన్ని కణాలు పట్టుకున్నాయి. ఎక్కువ కాదు, వందకు పది.

137వ రోజు

తేటగా ఉంది. కణాలు రెట్టింపయ్యాయి. శామ్యేలు లేచి కూర్చున్నాడు. జ్వరం లేదు. లేని వేళ్ళు గుంజుతున్నాయంటాడు. కుడివైపుకి తిరిగి నా భుజం అందుకోబోయి ఆగిపోయాడు.

147వ రోజు

ఈ రోజు సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను.

తోడు తొమ్మిది సీసాలకు ఎక్కింది. తొమ్మిదీ తేట. ఒక సీసాను పెట్టెలో విడిగా ఉంచి, ఎనిమిదింటిని ఒక పెద్ద కూజాలోకి చేర్చాలి. ఆ కూజా నిండితే దాన్నే గాబులోకి వంచడం. పెద్దమ్మ తినడానికి పైకి వెళ్ళింది. గదిలో నేనొక్కదాన్నే. ఏడు సీసాలు బాగా వంపాను. ఎనిమిదోది వంపి చెయ్యి వెనక్కి తీస్తుండగా అంగీ చేతి అంచు కూజా మూతికి తగిలింది. తగిలిందో లేదో అన్నట్టు. గుడ్డ చివర తడిసి ఉంది. తగిలింది.

తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు.

తోడు దాదాపు అంతా ఆ కూజాలోనే ఉంది. అది పక్కన పెడితే మిగిలేది ఒక్క సీసా. మళ్ళీ ఇక్కడికి రావడానికి పదిహేను రోజులు. ఉన్న తిండి లెక్క నాకు తెలుసు. గుడ్డ శుభ్రంగా ఉతికిందే. తగిలినా ఏమీ చేరకపోయి ఉండొచ్చు. చేరినా మొదట్లో కొన్నే ఉంటాయి.

అప్పుడు గుర్తొచ్చింది, చల్లపెట్టెలో వెనక వరసలో వాడగా మిగిలిన సగం సీసా మందు. పెట్టెతో పాటు డాక్టరమ్మ గారికి ఇవ్వడం మరిచిపోయాను. లేచి చల్లపెట్టె తెరిచాను. మందు చేతిలోకి తీసుకున్నాను. అది పనిచేయనిది గాబుల పురుగు మీదే. గుడ్డ మీది మామూలు పురుగు మీద పనిచేయొచ్చు. ఒక్క కొలత. ఒక్కసారి. రేపు ఆపేయవచ్చు.

ఆ మాట నేను అనుకున్నానో, పెద్దమ్మ గొంతులో విన్నానో తెలియదు. ఆ రోజు నాంచారమ్మ పెద్దమ్మ చెడ్డబుద్ధితో చేయలేదు. అచ్చం ఇలాగే నిలబడి ఉంటుంది, ఇలాగే తలుపు కేసి చూసి ఉంటుంది. ఆ సంగతి తెలిసి నాకు ఇంకా భయం వేసింది. మందు సీసా చేతిలో ఎంతసేపు పట్టుకున్నానో, దాని చల్లదనం పోయింది.

కూజాకు మూత బిగించి, మందు వేయకుండా, పొదిగే పెట్టెలో కింద అరలో విడిగా పెట్టాను. దాని మీద చీటీ అంటించాను: 'అంగీ అంచు తగిలింది. ఎస్తేరు.' మందు సీసా తీసుకెళ్ళి డాక్టరమ్మ గారి చేతిలో పెట్టాను. అక్కడినుంచి పున్నారావు గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన చిక్కిపోయారు. ప్యాంటు జారకుండా నడుముకు తాడు కట్టుకున్నారు. చెప్పిందంతా విన్నారు.

"ఎవరన్నా చూశారా అమ్మా?"

"లేదండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎన్నాళ్ళని అడిగారు. పదిహేను రోజులని చెప్పాను. మైకులో ఆయనే అందరికీ చెప్పారు. పావు తిండికి దిగుతున్నామన్నారు. నా పేరు చెప్పలేదు. నేను అంతస్తు అంతస్తుకూ వెళ్ళి, అది నేనేనని చెప్పాను. కొందరు తలూపారు. ఒకామె, చంటిపిల్లను ఎత్తుకుని ఉన్నామె, నేను చెప్పడం పూర్తికాకముందే తలుపు వేసేసింది.

150వ రోజు

కింద అరలో కూజా పసుపురంగుకు తిరిగింది.

గుండ్రటి గుత్తులు. పెద్దమ్మను పిలిచి చూపించాను. ఆమె మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు లేవలేదు. లేచాక బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఒక కొలత మందు వేసి ఉంటే ఈ కూజా ఇవాళ నిగనిగలాడే ఎర్రరంగులో ఉండేది. దాన్ని సంతోషంగా గాబులోకి వంపేదాన్ని.

విడిగా ఉంచిన ఒక్క సీసా తేటగా ఉంది.

176వ రోజు

చాలా రోజులు రాయలేకపోయాను. అంకెలు మాత్రం వేరే కాగితం మీద వేశాను. కళ్ళు తిరుగుతున్నాయి.

ఒకప్పుడు వలలల్లిన మస్తానయ్య తాత ఇవాళ పొద్దున పోయాడు. ఎనభై రెండేళ్ళు. గుండె ఆగిందని డాక్టరమ్మ గారు రాశారు. గుండె ఆగడానికి కారణం తిండి లేకపోవడమా, వయసా అని అడిగాను. తెలియదన్నారు. నా కోసం అలా అన్నారేమో అడగలేదు. ఆయన్ను సముద్రంలోకి దించుతుంటే వెనక వరసలో నిలబడ్డాను. నా పక్కన నాంచారమ్మ పెద్దమ్మ. మా ఇద్దరి చుట్టూ కాస్త ఖాళీ జాగా ఉంది.

తోడు గాబులోకి ఎక్కి ఎనిమిదిరోజులైంది. ఎర్రగా ఉంది.

184వ రోజు

మొదటి గాబు కోత ఇవాళ. మనిషికి గుప్పెడు వచ్చింది. నాచు, చింతపండు వేసి పులుసు పెట్టారు. గిన్నెలు పట్టుకుని అందరూ నిలబడ్డారు. ఎవరూ తోసుకోలేదు. గిన్నెల్లో గరిటె చప్పుడు ఒక్కటే. నేను తినబోయి, తాత గుర్తొచ్చి, కాసేపు గిన్నె పట్టుకుని ఉండిపోయాను. తరువాత తిన్నాను.

పున్నారావు గారు తోడు గది గోడకు అద్దపు కిటికీ పెట్టించారు. నేనే అడిగాను. ఆ గదిలో ఇకముందు ఎవరూ ఒంటరిగా పనిచేయకూడదు, చూసే కళ్ళు బయట ఉండాలన్నాను. ఆ పనికి ఎవరొస్తారంటే శామ్యేలు వస్తానన్నాడు. గాబులు తోమే పని ఇక చేయలేడు. వారం రోజులు నాంచారమ్మ పెద్దమ్మ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏం చూడాలో నేర్పింది: మూత ఎక్కడుంది, అంగీ అంచు ఎక్కడుంది, సీసా మీదుగా చెయ్యి దాటిందా. చేతిని పోగొట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకోవడానికి నీకు మనసెలా ఒప్పుతోందని అడిగాను.

"తప్పెట్టా జరుగుద్దో ఆమెకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

మధ్యాహ్నం పన్నెండు సీసాల్లోకి తోడు మార్చాను. అద్దం అవతల శామ్యేలు నిలబడి రెప్ప వేయకుండా నా చేతులనే చూస్తున్నాడు. నాలుగో సీసా దగ్గర అద్దం మీద ఎడమచేత్తో తట్టాడు. నా దృష్టికి ఏమీ రాలేదు, ఏదీ తగిలినట్టు అనిపించలేదు. అయినా ఆగాను. ఏడో సీసా దగ్గర మళ్ళీ తట్టాడు.

ఆ రెండు సీసాలకూ చీటీలు అంటించి కింద అరలో పెట్టాను. పొదిగే పెట్టెలో వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు. మిగతా పది సీసాలూ ఎర్రగా ఉన్నాయి. మందు వేయలేదు.